ముట్టని గిన్నె

ఖిదిర్‌పూర్ రేవులో క్రేన్ నడిపి రిటైరైన యేసురత్నానిది అక్కడి తెలుగు చర్చిలో ఎప్పుడూ ఆఖరి బెంచీయే. కరోనా వెనకే వచ్చిన బ్లాక్ ఫంగస్‌కు ఆపరేషన్ చేసి, డాక్టర్లు అతని ఎడమ పైదవడతోపాటు సగం అంగిలి తీసేశారు. ప్రాణం దక్కింది, జబ్బు మళ్లీ రాలేదు. అంగిలి చోట ఇప్పుడొక ప్లాస్టిక్ ప్లేటుంది. అది కాస్త వదులైందంటే తాగిందంతా ముక్కులోంచి కారుతుంది. అందుకే మాట్లాడే ముందు చెంప మీద వేలు నొక్కి ప్లేటు సర్దుకుంటాడు. బెంగాలీ టీ కొట్టువాడు "దాదా, చా ఖాబేన్?" అని టీకి పిలిస్తే చెయ్యూపి సాగిపోతాడు. ఇంట్లో తలుపేసుకుని, గోడవైపు తిరిగి, చెంచాతో తాగుతాడు.

సంఘమంతా ఒకే గిన్నెలోంచి ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభుబల్ల రోజున, గిన్నె తన దాకా వస్తే పెదవి తడపకుండానే పక్కకు అందిస్తాడు. దాచిన పాపమేదో ఉండబట్టే ముట్టడం లేదని గుసగుసలు మొదలయ్యాయి. మొన్న పాస్టరుగారు గుమ్మం దగ్గర ఆపి, గొంతు తగ్గించి అడిగారు.

"ఏటి రత్నంగారూ, మనసులో ఏటైనా పాపముందేటి?"

అందరి ముందూ తన ముక్కులోంచి ఎర్రగా కారుతున్న ద్రాక్షరసం యేసురత్నం కళ్లకు కట్టింది. చెంప మీద వేలు నొక్కుకున్నాడు.

"ఉందండి అయ్యగారూ," అన్నాడు తల దించుకుని.