మూల చింపిన కాగితాలు

1985 జూన్‌లో నన్ను పొదిలికి ఫారెస్టు రేంజ్ ఆఫీసరుగా వేశారు. దర్శి రోడ్డు మీది చెక్‌పోస్టు కూడా నా కిందే ఉండేది. అడవి కలప కదలాలంటే దుంగ మీద మా శాఖ సుత్తితో కొట్టిన ముద్ర, వెంట రవాణా పర్మిట్ ఉండాలి. తనిఖీ కాగానే పర్మిట్ మీద రద్దు ముద్ర కొట్టేవాళ్ళం.

మన అడవుల్లో నరుకుడు తగ్గించి, దిగుమతికి దారి వదిలిన రోజులవి. విదేశీ పైన్ దుంగలు ఓడరేవులో దిగి, పొదిలి కోత మిల్లుకు చేరి, ప్యాకింగ్ పెట్టెల చెక్కగా మా చెక్‌పోస్టు మీదుగా గుంటూరు గోడౌన్లకు వెళ్ళేవి. తెల్లటి మెత్తటి చెక్క, జిగురు వాసన. దానికి సుత్తి ముద్రా ఉండదు, మా పర్మిటూ ఉండదు. లారీకొక ఓడరేవు కాగితం, అంతే. దాని మీద ముద్ర కొట్టే అధికారం మాకు లేదు. ముద్ర లేని కలప ఏదైనా నా కంటికి దొంగ సరుకే.

మిల్లు తనిఖీలో, గుంటూరు వెళ్ళొచ్చిన లారీల కాగితాలు తిరగేస్తే, అన్నిటికీ కుడివైపు పై మూల చిరిగి ఉంది. యజమానిని అడిగాను. టీ తెప్పించి, నవ్వాడు.

"మీ గార్డు చింపుతాడండి. ఎందుకో మా నోటితో చెప్పడం ఏం బాగుంటుంది?"

మిగతాది నా బుర్రే అల్లుకుంది. మామూలు ముట్టిన లారీకి అదే గుర్తన్నమాట.

గార్డు పేరు దేవసహాయం. పదిహేనేళ్ళ సర్వీసు, మితభాషి. మెమో ఇచ్చి, గేటు నుంచి తప్పించి నర్సరీకి పంపాను. నేరం రుజువైతే ఉద్యోగం ఊడుతుంది. అతను జవాబు రాసుకొచ్చి నా ముందు నిలబడ్డాడు.

"మన పర్మిట్‌కి రద్దు ముద్ర ఉంది సార్. ఈ కాగితానికి లేదు. ఒకసారి వెళ్ళింది మళ్ళీ రాకుండా మూల చింపుతున్నా."

ఎవరు చింపమన్నారని అడిగాను. పాత రేంజరు గారికి చెప్పే చేశానన్నాడు. ఆయన బదిలీ అయిపోయారు, రాతలో ఏమీ లేదు. కథ బాగానే అల్లాడనుకుని, ఫైలు ఒంగోలులోని పై ఆఫీసుకు పంపడానికి సిద్ధం చేశాను.

ఫైలు ఇంకా నా బల్ల మీదే ఉండగా ఒకరోజు చెక్‌పోస్టుకు వెళ్ళాను. ఆ మిల్లు లారీ వచ్చింది. కొత్త గార్డు కాగితం చూసి గేటు ఎత్తబోయాడు. మూల చిరిగే ఉంది, చూసిన బండే సార్ అన్నాడు. గేటుకు రాకముందే ఎవరు చూశారయ్యా అన్నాను. సరుకు దింపించాను. మీద రెండు వరసలు విదేశీ చెక్క, కింద అంతా నల్లమల టేకు.

దేవసహాయం గేటులో ఉన్నన్నాళ్ళూ ఒకసారి వాడిన పాత కాగితం మళ్ళీ చెల్లలేదు. అతన్ని తప్పించడానికి యజమాని పడ్డ శ్రమల్లా నాకొక టీ ఇప్పించడం. చాలా సిగ్గేసింది.

కేసు రాసి, మెమో రద్దు చేసి, దేవసహాయాన్ని పిలిచి తప్పు నాదేనన్నాను. రేపటి నుంచి గేటుకు రమ్మన్నాను. అతను కదల్లేదు.

"మూల చింపమని రాతలో ఇవ్వండి సార్. రేపు మీరూ బదిలీ అవుతారు."

అక్కడికక్కడే రాసి సంతకం పెట్టాను. అనుమానించడం మా ఉద్యోగంలో భాగమే. ఆ తర్వాత మాత్రం ఎవరి మీద అనుమానం కలిగినా, దాన్ని నా చెవిన వేసిందెవరో ముందు చూసుకునేవాణ్ణి.