తంగు పట్టీ

పన్నెండేళ్లుగా ఒక మాటను కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. మధురానగర్‌లో మా ప్రార్థన కూటంలో రెండుసార్లు సాక్ష్యం చెప్పాను. తాగుడు మానేసిన సంగతి చెప్పాను, భార్యను కొట్టిన సంగతి కూడా ఏడుస్తూ చెప్పాను. ఇది మాత్రం చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే ఈ కాగితం మీద మీతో చెప్పగలుగుతున్నానేమో.

ఫిల్మ్ నగర్ వెనక, గుట్ట వాలులో, సినిమాలకు గుర్రాలు పంపే షెడ్డులో పని చేసేవాణ్ని, ఇప్పటికీ అక్కడే. అప్పట్లో గుర్రాలను చూసుకునేది యాదగిరి. జీన్లు, కళ్లేలు, పగ్గాలు, తోలు సామానంతా నాది. తోలు పని ఓపికతో చేయాలి. తడిగుడ్డతో చెమట ఉప్పు తుడవాలి, సబ్బు పట్టించాలి, ఎండ తగలకుండా నీడలో ఆరబెట్టాలి. ఆ తర్వాత ఆముదం రాసి, ప్రతి పట్టీనీ వంచి చూడాలి. వంచితేనే పగుళ్లు బయటపడతాయి. పైన మెరిసేది పాలిష్. పట్టీని బతికించేది లోపలికి ఇంకిన నూనె. ఇది నాకు తెలియక జరిగింది కాదు. తెలియక జరిగి ఉంటే ఈ పన్నెండేళ్లు నాకింత బరువయ్యేవా?

ఒక రాజుల సినిమా షూటింగ్. ముందురోజు పైపులతో కురిపించిన దొంగవానలో తీసిన సీనుకు తోలంతా నానిపోయింది. వెంటనే ఆరాలని ఎండలో పడేయమన్నాడు మేనేజరు. పాడైపోతుందన్నాను. వినలేదు. మర్నాడు పొద్దున జీను పట్టుకెళ్తే, "కెమెరాకి డల్‌గా పడుతోందయ్యా, మెరవాలి" అని వెనక్కి పంపాడు. మూడుసార్లు పాలిష్ చేయించాడు. మూడోసారి అందరి ముందు, "నీకంటే బూట్లు తుడిచేవాడు నయం, జీతం దండగ" అన్నాడు.

ఆ కసిలోనే తంగు వంచి చూశాను. తంగు అంటే గుర్రం పొట్ట కింద నుంచి జీనును బిగించి ఉంచే పట్టీ. కొక్కెం దగ్గర లోపలి వైపు పగిలింది. గోరు దిగేంత పగులు. కొత్త పట్టీ నా వెంట తెచ్చిన సామాను పెట్టెలో ఉంది. లేచి నాలుగడుగులు వేస్తే చాలు. వేయలేదు. మెరుపే కదా కావాలి, తీసుకో అనుకుని ఆ పగులులో నల్ల పాలిష్ కూరి, గుడ్డతో రుద్ది ఇచ్చేశాను. ఎవరి మీద కోపం? మేనేజరు మీద. ఆ జీను ఎక్కబోయేది మేనేజరు కాదని నాకు తెలియదా?

ఎక్కింది శ్రీను. హీరోకు బదులు గుర్రాలెక్కే ఫైటరు. గుర్రం దౌడు తీసిన కాసేపటికే తంగు తెగింది. జీను పక్కకు తిరిగింది, అతను డెక్కల కింద పడ్డాడు. అందరూ అతని వైపు పరుగెత్తారు. నేను గుర్రం వైపు పరుగెత్తాను. తెగిన పట్టీ ఊడదీసి చొక్కాలో దోపుకుని, పెట్టెలోని కొత్త పట్టీ జీనుకు తగిలించాను. చేతులు వణకలేదు. ఇప్పుడు తలుచుకుంటే అదే నాకు అసహ్యం. అంత నేర్పుగా నేను ఏ మంచి పనీ చేయలేదు.

పట్టీ బాగానే ఉందని చూసి, కట్టినవాడే వదులుగా కట్టాడని తేల్చారు. కట్టింది యాదగిరి. ఆ రోజే తీసేశారు. శ్రీను బతికాడు కానీ తుంటి విరిగింది. మళ్లీ గుర్రమెక్కలేదు.

వారం తర్వాత యాదగిరి బోరబండలో మా గదికి వచ్చాడు. గోల చేస్తాడనుకున్నాను. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అన్నా, ఒక్క మాట నిజం చెప్పు. నేను తంగు గట్టిగ గుంజి కట్టిన్నా, లేదా? కట్టినట్టే యాదికొస్తది. అందరేమో లూజుగ కట్టినవంటున్రు. నువ్వు పక్కనే ఉన్నవ్ గదా."

"ఏమో యాదగిరీ. హడావిడిలో మర్చిపోయుంటావు" అన్నాను.

కాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు. "గట్లనే అయుంటది అన్నా. పాపం, శ్రీను బతుకు ఖరాబ్ చేసిన" అని వెళ్లిపోయాడు.

పట్టీ దాచడం భయంతో చేశాను. కానీ ఆ మాట? అప్పుడు నన్ను అనుమానించేవాళ్లే లేరు. చేసిన పని మీద అతనికున్న నమ్మకాన్ని కూడా ఎందుకు లాక్కున్నాను? ఒక్కోసారి అతని మీదే చిరాకు పుడుతుంది. ఎందుకు నమ్మాడు? చొక్కా పట్టుకుని నిలదీసి ఉంటే ఆ రోజే కక్కేసేవాణ్ని కదా అని. చూడండి, ఇప్పటికీ తప్పు అతని మీదికే తోస్తున్నాను.

ఇప్పుడు అతను ఎర్రగడ్డ మార్కెట్లో బస్తాలు మోస్తున్నాడు. పోయిన నెల ఎదురుపడ్డాడు. చెప్పాలనే ఆగాను. "బాగున్నవా అన్నా, షెడ్డుల గుర్రాలు మంచిగున్నయా?" అన్నాడు. మళ్లీ గుర్రాల పనికి పోకూడదా అని అడిగాను. "వద్దన్నా. నా చేతుల మీద నాకే భరోసా లేదు" అన్నాడు. గుర్రాలు బాగున్నాయని చెప్పి మెట్రో ఎక్కేశాను.

ఈ కాగితం అతనికి ఇస్తానో లేదో నాకే తెలియదు. ఇస్తానని మాటివ్వను, నా మాట ఎంత విలువైనదో చూశారుగా. కానీ ఒక్కసారి రాయనివ్వండి. యాదగిరి తంగు గట్టిగానే కట్టాడు. కట్టేటప్పుడు రెండుసార్లు గుంజి చూశాడు. నేను పక్కనే నిలబడి చూశాను.