ఎర్రమందు నూతి నీళ్లు

టెక్కలి అగ్రహారంలో కామాక్షి మడి కట్టుకుని వస్తోందంటే కాకులు కూడా పక్కకు తప్పుకునేవి. చిన్నతనంలోనే మొగుడు పోయి తమ్ముడి పంచన చేరింది. ముప్పై ఏళ్లుగా ఆ ఇంటి మంచినీళ్లు ఆమె తడిబట్టతో తోడి తెచ్చినవే. పురోహితుడైన తమ్ముడు పట్టాభిరామయ్య కూడా అక్కగారి బిందె ముట్టుకోవడానికి జంకేవాడు.

ఆ ఏడు రథయాత్రకు పూరీ వెళ్లినవాళ్లు రైలు దిగారు, వెంటే కలరా దిగింది. సర్కారు మనిషి వచ్చి కలరా పురుగు చావడానికి అగ్రహారం నూతిలో ఎర్రమందు కలిపి పోయాడు. ఎవడో ఏదో కలిపిన నీళ్లు దేవుడికి పెట్టనా అని కామాక్షి మండిపడింది. ఊరి చివర తోటలో ఇసుక తవ్వి తీసిన నీటిగుంట, దొరువు, ఒకటుంది. అక్కణ్నుంచి మడిగా మోసుకొచ్చింది. తమ్ముడి భార్య హైమవతికి ఎనిమిదో నెల. ఆమె తాగిందీ అవే.

నాలుగో రోజు దొరువు అవతలి గట్టున కూలిపనికి వెళ్లే రాజులమ్మ కనబడింది. కలరాతో పడి ఉన్న మొగుడి పక్కబట్టలు ఆ నీళ్లలోనే జాడిస్తోంది.

కామాక్షి బిందెలో నీళ్లు అక్కడే ఒంపేసింది. ఎలాగో ఇంటికొచ్చి తమ్ముడి ముందు కూలబడింది.

"చంపేశానురా రామయ్యా! ఆ దొరువులో కలరా బట్టలు ఉతుకుతున్నారు. పొద్దున్న కూడా హైమవతికి ఆ నీళ్లే ఇచ్చాను."

పట్టాభిరామయ్య మొహం పాలిపోయింది. పూజలో ఉన్నాడు, వేలికి దర్భ ఉంగరముంది. దాన్ని చూపించాడు.

"దీన్ని పవిత్రమంటాం. ఆ మాట పుట్టింది శుభ్రం చేయడంలోంచి. వేదకాలంలో సోమరసం వడగట్టే ఉన్ని జల్లెడ పేరది. ఎవరూ ముట్టనిది కాదక్కయ్యా, మురికి తీసేది. ఆ ఎర్రమందు చేసేదీ అదే పని. వెళ్లి నూతి నీళ్లు తే."

తెచ్చింది. రెండు రోజులు కామాక్షి హైమవతి మంచం పక్కనుంచి కదల్లేదు. హైమవతి పెరట్లోకి వెళ్తే వెనకే వెళ్లి నిలబడేది. కడుపులో ఎలా ఉందని అడిగి అడిగి విసిగించింది. మూడో రోజు హైమవతి ఆకలేస్తోందంటే కామాక్షి గోడకానుకుని బావురుమంది.

అప్పుడు గుర్తొచ్చింది రాజులమ్మ. నూతి నీళ్లతో బిందె నింపుకుని దొరువుకు పరుగెత్తింది. రాజులమ్మ అక్కడే కడవ ముంచుతోంది.

"ఆ నీళ్లు తాగకే!"

"ఏటి సెయ్యమంతారమ్మా? ఆ నూతికాడికి మమ్మల్ని రానిత్తారేటి?"

రానివ్వకుండా తరిమిన వాళ్లలో కామాక్షిదే పెద్ద గొంతు. దగ్గరికెళ్లి ఆ కడవ పట్టుకుని వంచేసింది.

"ముట్టుకోకండమ్మా, మీకు మైల!" అంటూ రాజులమ్మ వెనక్కి జరిగింది.

అగ్రహారం ఏమంటుందో, దేవుడేం చేస్తాడో అని కామాక్షికి ఒళ్లంతా భయమే. అయినా తన బిందెలోని నూతి నీళ్లు ఆ కడవలోకి ఒంపింది, సగం ఇసుకపాలయ్యాయి.

"ఉండు, ఇంకో బిందె తెస్తా" అని నూతివైపు తిరిగింది.