ఇన్షిరా అక్కను సినిమాకు తీసుకెళ్ళిన పాపం

ఆ సినిమా తీసినవాళ్ళ మీద నాకు కోపం ఉంది. చూసి ఈలలు వేసినవాళ్ళ మీద అంతకు మించి ఉంది. అందరికన్నా నా మీద నాకే ఎక్కువ ఉంది. ఇన్షిరా అక్కను బతిమాలి, చేయి పట్టుకుని ఆ హాలుకు తీసుకెళ్ళింది నేనే మరి.

మా వీధిలో ఆడవాళ్ళు ఎవరు పోయినా స్నానం చేయించేది అక్కే. అత్తగారి దగ్గర నేర్చుకుంది. ముప్ఫై ఏళ్ళు మా మహల్లా ఊరి నూలు మిల్లులో పనిచేసింది. ఆ మరల మోతలో అలవాటైపోయి ఇప్పటికీ గట్టిగానే మాట్లాడుతుంది, రహస్యం చెప్పినా నాలుగిళ్ళకు వినబడుతుంది. ఒక్క విషయంలో మాత్రం నోరు కట్టేసుకుంటుంది. తను కడిగిన మనిషి గురించి చెడ్డ మాట ఒక్కటి బయటికి రానివ్వదు. ఎవరి ఒంటి మీద ఏ దెబ్బ ఉందో, ఏ వాత ఉందో ఆమెకు తెలుసు. అవన్నీ ఆమెతోనే పోతాయి. ఎవరైనా ఏదైనా ఇవ్వబోతే చేతులు వెనక్కి కట్టుకుంటుంది.

నాది బట్టల కొట్టు. శవానికి చుట్టే కఫన్ గుడ్డకు నా దగ్గరికే వస్తారు కాబట్టి, ఎవరింట్లో ఎవరు పోయినా ముందు నాకు తెలుస్తుంది, తర్వాత అక్కకు.

ఐదేళ్ళ కిందట ఆ మాయదారి జబ్బు వచ్చినప్పుడు ఆసుపత్రిలో శవాలు కడగడానికి మనుషులు దొరకలేదు. అక్క తనంతట తానే వెళ్ళింది. మొదటి వారం వేసుకోవడానికి సరైన దుస్తులు కూడా లేవు. వానకోటు తొడుక్కుని, మిల్లులో కట్టుకునే గుడ్డనే ముక్కుకు కట్టుకుంది. నేను కఫన్లు కోసి గేటు దగ్గర ఇచ్చి వచ్చేదాన్ని. ఆ రోజుల్లోనే మా మగాళ్ళు కొందరు, ఈ జబ్బు శవాలను ఇక్కడ పూడ్చనివ్వం అంటూ కర్రలు పట్టుకుని ఖబరస్తాన్ దారికి అడ్డం నిలబడ్డారు. ముందు వరసలో ఉన్నవాడు మా వీధి కరెంటు సామాన్ల కొట్టు షౌకీ. పదిహేను రోజులు తిరక్కుండా వాడి తల్లి వగీదా అదే జబ్బుతో పోయింది. వాడు ఆసుపత్రి గేటు దాకా వచ్చి, కారు అద్దాలు ఎక్కించుకుని లోపలే కూర్చున్నాడు. నా కళ్ళతో నేను చూశాను. నీళ్ళు పోసే తోడు కూడా లేక, అక్క ఒక చేత్తో పోసుకుంటూ ఒక చేత్తో కడిగింది.

ఇక సినిమా సంగతి. రంజాన్ పండగ రెండో రోజు, మధ్యాహ్నం ఆట. అక్కకు ఒకప్పుడు సినిమా పిచ్చి ఉండేది. మిల్లు రోజుల్లో తోటి ఆడపిల్లలతో కలిసి కొత్త సినిమా చూడకపోతే ఆమెకు అసలు పండగే కాదు. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక మానేసింది.

"ఏం సినిమా అమ్మాయ్?" అంది.

"జబ్బు సినిమా అక్కా. ఊళ్ళకు ఊళ్ళు పోతాయట. థ్రిల్లరు."

"నేను చూడని జబ్బా?" అని నవ్వి చెప్పులేసుకుంది.

హాలు కిటకిటలాడుతోంది. గుమ్మడి గింజల తొక్కలు కాళ్ళ కింద పటపటమంటున్నాయి. మా ఊళ్ళో సినిమాను నోరు మూసుకుని ఎవరూ చూడరు. హీరో పోలీసు అధికారి. వాడు ఆసుపత్రి తలుపు మీద చెయ్యి వెయ్యబోతే, "ఆ పిడి పట్టుకోకురా వెధవా, చొక్కా అంచుతో తియ్యి" అని బాల్కనీలోంచి ఒకడు సలహా ఇచ్చాడు. మా వెనకాల ఒక ముసలావిడ, తెర మీద ఎవరు దగ్గినా "వీడూ అయిపోయాడు, పాపం, కొత్తగా పెళ్ళయినట్టుంది" అని సంతాపం చెబుతోంది. సరిగ్గా అప్పుడే హాల్లో ఒకాయన నిజంగానే తుమ్మాడు. అటు నాలుగు సీట్లు, ఇటు నాలుగు సీట్లు క్షణంలో ఖాళీ. ఆయన లేచి నిలబడి, "పండగ బిస్కెట్టు మీది పంచదార పొడి ముక్కులోకి పోయిందయ్యా, నాకే రోగమూ లేదు" అని మొత్తుకున్నాడు. అందరం విరగబడి నవ్వాం. నేనూ నవ్వాను, అక్కా నవ్వింది.

తర్వాత తెర మీదికి ఆ మనిషి వచ్చింది. నల్ల బట్టలు, వంకర నవ్వు. శవాలు కడిగే ఆడది. శవం వేలికున్న ఉంగరం లాగి అంగీలో దోపుకుంటుంది. ఆ ఉంగరంతో జబ్బు కైరో అంతా పాకుతుందట. ఆ కథ రాసినవాడి ఇంట్లో ఎవరూ చావలేదేమో. శవం ఎడమ భుజం మీద ఆమె నీళ్ళు పోయడం మొదలుపెట్టగానే, అందరూ తెరతో మాట్లాడుతున్నారు కదా అని అక్క కూడా మాట్లాడింది. మిల్లు గొంతుతో.

"కుడివైపు నుంచే, కుడివైపు నుంచి. ఎవతి నేర్పిందే నీకు?"

హాలు ఒక్కసారిగా సద్దుమణిగింది. తలలు తిరిగాయి. "ఎవరది?" "ఇన్షిరా. శవాల ఇన్షిరా." ముందు వరసలో ఒకామె పిల్లాణ్ణి లాగి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. వెనకనుంచి షౌకీ గొంతు లేచింది.

"వినండిరా, అనుభవం మాట్లాడుతోంది. అక్కా, ఆ జబ్బు రోజుల్లో నీకెన్ని ఉంగరాలు దొరికాయేంటి?"

హాలంతా ఘొల్లుమంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేవబోతే అక్క నా మణికట్టు పట్టుకుంది. "కూర్చో. పండగ పూట."

చివర్లో పోలీసు హీరో ఆ మనిషిని కాల్చి చంపాడు. చప్పట్లు, ఈలలు. నేను తెర వైపు చూడలేదు, అక్క చేతుల వైపే చూస్తూ కూర్చున్నాను. బయటికి వచ్చాక ఆమె, "మోకాలు పట్టేసిందే" అంది, అంతే.

ఆ వారం నేను చూసింది చెబితే మా వీధి పరువు పోతుంది, పోనివ్వండి. అక్క కనబడితే పిల్లలు "ఉంగరం, ఉంగరం" అని అరుస్తూ పారిపోయేవాళ్ళు. రొట్టెల కొట్టు దగ్గర వరసలో ఆడవాళ్ళు పక్కకు జరిగేవాళ్ళు. ఒకావిడ తన ఉంగరం తీసి ఇంకో చేతికి మార్చుకుంది. ఐదేళ్ళ కిందట బాల్కనీల్లో నిలబడి, కన్నీళ్ళు పెట్టుకుని, అక్కకు దీవెనలు పెట్టింది వీళ్ళే. రెండు గంటల బొమ్మకు ఇంత మతిమరుపా?

ఎనిమిదో రోజు తెల్లవారుతుండగా రౌహియా పోయింది. ఆవిడ వగీదాకు సొంత చెల్లెలు, షౌకీ ఇంట్లోనే పై అంతస్తులో ఉండేది. "మా అక్కను కడిగిన చేతులే నన్నూ కడగాలి" అని నా కొట్లో, నా ఎదుటే, ఇన్షిరా అక్క చేత ఒట్టు వేయించుకుంది. ఆ సంగతి షౌకీకీ తెలుసు.

వాడు కఫన్ కోసం వచ్చి, "టాంటా ఊరి నుంచి కడిగే మనిషిని పిలిపిస్తున్నాను. ఇన్షిరా అక్కకు చెప్పకు" అన్నాడు.

"మీ పిన్ని ఒట్టు వేయించుకుంది కదరా."

"ఇంట్లో ఆడవాళ్ళు జడుసుకుంటున్నారు నగ్లా. సినిమా చూశావుగా."

"సినిమా చూసొచ్చి శవాన్ని ఎవరు కడగాలో తేలుస్తావా?"

"నీకెందుకు? గుడ్డ కొయ్యి."

కోశాను. వాడు అటు వెళ్ళగానే కొట్టు మూసి తిన్నగా అక్క ఇంటికి పోయాను.

అక్క తన సంచీ తీసుకుని నాతో వచ్చి షౌకీ ఇంటి మెట్ల మీద కూర్చుంది. వచ్చేపోయే చుట్టాలు బట్టలు దగ్గరకు లాక్కుని ఆమెను దాటుతున్నారు. షౌకీ దిగొచ్చి, "నిన్ను పిలవలేదక్కా, వెళ్ళు" అన్నాడు.

"నీ కోసం రాలేదురా. రౌహియా కోసం వచ్చాను. ఒట్టేశాను."

ఎండ ముదిరింది. టాంటా ఆవిడ ఫోను చేసి, సాయంత్రం దాకా కుదరదంది. మధ్యాహ్నం నమాజుకు జనాజా, అంటే పాడె, లేవాలి, మగాళ్ళు అప్పటికే వీధిలో కుర్చీలు వేసేశారు. షౌకీ మళ్ళీ దిగొచ్చాడు, చేతిలో ఒక మాస్కు, గ్లవుజుల ప్యాకెట్టు.

"సరే, ఇవి వేసుకుని రా. పైన పిల్లలున్నారు."

అక్క లేచింది. ఆమెకు కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు, ఆ రోజు చూశాను. మాస్కు తీసుకుని, అంత మగాణ్ణి కదలకుండా నిలబెట్టి, వాడి చెవులకే తగిలించింది.

"గ్లవుజులు నా సంచీలో ఎప్పుడూ ఉంటాయి. నువ్వు నేర్పక్కర్లేదు. ఇది నీ నోటికి కావాలి, రోగం అక్కడుంది."

వాడు మెట్ల మీంచి పక్కకు తప్పుకున్నాడు. మేము పైకి వెళ్ళాం. నీళ్ళు నేను పోశాను, ఆమె కడిగింది, కుడివైపు నుంచి.

తలుపు తీయగానే షౌకీ కూతురు అడిగింది, చనిపోయినవాళ్ళ ఇంట్లో ఎవరైనా ముందు అడిగేదే; ముఖం తేటగా, ఒళ్ళు మెత్తగా ఉంటే మంచి చావని మా నమ్మకం. "చిన్న నానమ్మ ముఖం ఎలా ఉంది?"

"నిద్రపోతున్న పసిపాపలా ఉందమ్మా. వేళ్ళు ఎంత మెత్తగా ఉన్నాయో, ఎటు తిప్పితే అటు తిరిగాయి."

ఆడవాళ్ళు ఏడ్చారు. ఉంగరం మార్చుకున్న ఆవిడ వచ్చి అక్క భుజం ముద్దుపెట్టుకుంది. ఆ ముద్దుకు కూడా నాకు ఒళ్ళు మండింది.

జనాన్ని తప్పించుకుని షౌకీ దగ్గరకొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, ఆ రోజు... మా అమ్మ ముఖం ఎలా ఉంది?"

ఐదేళ్ళలో ఒక్కసారి కూడా అడగని మాట అది. జవాబు నాకు తెలుసు. ఆ రోజు అక్క గేటు బయటికి పరుగున వచ్చింది. వగీదా ముఖం వెలిగిపోతోందని, పెదవుల మీద నవ్వు ఉందని, కొడుక్కి చెప్పాలని వచ్చింది. కారు అద్దం మీద వేళ్ళతో తట్టింది. వాడు ముఖం తిప్పుకుని బండి కదిలించాడు. అప్పుడు ఆ మాట నాకు చెప్పి ఏడ్చింది.

అక్క చేతులు తుడుచుకుని, సబ్బు సంచీలో వేసుకుంది.

"చాలామందిని కడిగానురా షౌకీ. గుర్తు లేదు."

మోకాలు పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దిగి వెళ్ళిపోయింది. షౌకీ నా వైపు తిరిగాడు. ఆ రోజు గేటు దగ్గర నేనూ ఉన్నానని వాడికి తెలుసు. నేను మిగిలిన గుడ్డ మడతపెట్టాను. నేనూ చెప్పలేదు.