అమ్మమ్మ ఊసులు
బజారులో ఎండు నెత్తళ్ల వాసన తగిలితే నాకు అమ్మమ్మ గుర్తొస్తుంది. చేపల గంప నెత్తిన పెట్టుకుని శ్రీకూర్మం దాకా నడిచి వెళ్లి అమ్ముకొచ్చే మనిషి. ఒక వానాకాలం ఆమెకు నిమోనియా వచ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చాక జబ్బు తగ్గిందన్నారు గానీ, గుమ్మం దాటడానికే ఆయాసపడేది.

కొన్నాళ్లకు నా భుజం పట్టుకుని రోజూ సముద్రం వైపు బయలుదేరడం మొదలుపెట్టింది. నాలుగిళ్లు దాటగానే ఒక అరుగు మీద కూర్చుని, "ఏటే సూరమ్మా, కూరేటి వొండినావు?" అని అడిగేది. మరికాస్త నడిచి ఇంకో అరుగు, ఇంకో ఊసు. ఎవరింటా కూర్చుని ఎరగని మనిషికి ఇన్ని కబుర్లు ఎక్కడివా అని నాకు విసుగొచ్చేది.

"పడవలొచ్చేస్తాయి, రా అమ్మమ్మా," అనేదాన్ని.

"ఉండే గుంటా, మాటాడతన్నాను కదా."

ఆ అరుగులు ఆమె ఊపిరి తీసుకునే చోట్లని, ఈమధ్య మా అమ్మ మెట్ల మధ్యలో ఆగి నాతో కబుర్లు మొదలుపెట్టినప్పుడు గానీ నాకు అర్థం కాలేదు.

చివరికి ఒక ఉదయం ఒడ్డుకు చేరాం. గంప మళ్లీ ఆమె నెత్తికెక్కలేదు. దాన్ని మా అత్త మోసింది, చేపలు మాత్రం అమ్మమ్మే ఏరింది. తనకు వరసకు తమ్ముడయ్యే పడవాయన చూపించిన చేప మొప్ప ఎత్తి చూసి, నెమ్మదిగా అంది:

"ఇది నిన్నటి సేపరా. జబ్బు నా ఊపిరికొచ్చింది గానీ కళ్లకి రాలేదు."

ఆయన నవ్వి, తాజా చేపల గంప ఆమె ముందుకు జరిపాడు.