తొడిమలు తీసిన అరబస్తా

లంచగొండుల్ని పట్టుకునే శాఖ వాళ్ళు వల వేసే రోజు వేరే శాఖల ఉద్యోగుల్ని సాక్షులుగా తీసుకెళ్తారు. ఆ పిలుపు వచ్చిందంటే మా అద్దంకి కాలేజీలో అందరికీ ఒకేసారి ఒంట్లో బాగోదు. నాకు మాత్రం సంబరమైంది. నోట్లకి పూసే తెల్లపొడి, అది అంటిన చేతులు ముంచితే గులాబీ రంగు తిరిగే సోడా నీళ్ళు, ఇదంతా నేను ఏళ్ళ తరబడి చెబుతున్న కెమిస్ట్రీయే. పిల్లలు ఎటూ వినరు, దొంగలైనా వింటారనుకున్నాను.

తీరా వెళ్తే అక్కడ నోట్లు లేవు. అరబస్తా నిరుటి ఎండుమిరపకాయలున్నాయి. ఫిర్యాదు చేసింది దర్శి వైపు రైతు. పొలం దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి బోరు ఆగింది. పూత మీదున్న మిరపతోట వాడిపోతోంది. కొత్తది బిగించాల్సిన కరెంటు ఇంజినీరు మహా నిష్ఠాపరుడట, డబ్బు ముట్టడట. ఏడాదికి సరిపడా కారానికి కాయలు మాత్రం తెమ్మన్నాడు.

"కాయలైతే ఇద్దును సార్. తొడిమలు గూడా తీసి తెమ్మన్నాడు. నా పెళ్ళాం ఏమన్నా ఆయనకి జీతానికుందా?" అన్నాడు రైతు. అతని కోపమంతా తొడిమల దగ్గరే ఉంది.

దళానికి పెద్దయిన ఆఫీసరు బస్తా మూతికి పొడి పూయించాడు. ఇంజినీరు బస్తా అందుకోగానే తలగుడ్డతో మొహం తుడుచుకోవాలి, అదే సైగ అని రైతుకి చెప్పాడు. గుట్టు బయటపడకూడదని జీపు అద్దాలన్నీ ఎక్కించారు. ఊరు దాటకముందే ఘాటు నషాళానికంటింది. ఆఫీసరు తుమ్మాడు. ఆయన తుమ్మాక మాకూ మొహమాటం పోయింది.

కరెంటాఫీసు ఎదురుగా నక్కాం. బస్తా మోసుకెళ్ళిన రైతు కళ్ళ మంటకి తట్టుకోలేక గుమ్మంలోనే మొహం తుడిచేసుకున్నాడు. సైగ అందిందని మేం పరుగెత్తాం. చూస్తే బస్తా నేల మీదే ఉంది, ఇంజినీరు దాన్ని ముట్టుకోనే లేదు. కళ్ళూ ముక్కూ ఏకధారగా కారుతున్న మమ్మల్ని చూసి ఆయన కంగారుగా లేచాడు.

"అయ్యయ్యో, ఎవరు పోయారండీ?"

ఆఫీసరు జవాబు చెప్పబోయి మళ్ళీ తుమ్మాడు.

"ముందు కూర్చోండి. నా కాయలు అడ్డంగా ఉన్నాయి, స్కూటరు మీద పెట్టి వచ్చి మాట్లాడతాను," అంటూ ఇంజినీరు రెండు చేతులా బస్తా మూతి పట్టుకుని లేపాడు.

అంత మర్యాదస్థుణ్ణి పట్టుకున్నందుకు నాకు నిజంగా సిగ్గేసింది. సోడా నీళ్ళు మాత్రం గులాబీ రంగు తిరిగాయి. అంత చక్కటి రంగు మా ల్యాబులో ఏనాడూ రాలేదు.

నవ్వాపుకుంటూ సంతకాలు పెడుతున్నాం. రైతు మెల్లగా అడిగాడు. "సార్, ఈయన్ని మీరు తీసుకపోతే నా ట్రాన్స్‌ఫార్మర్ ఎవరు బిగిస్తారు? తోట చచ్చిపోతంది సార్."

నా నవ్వు కాస్తా ఎగిరిపోయింది. ఆ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. ఆఫీసరు ఫోను తీసి ఇంజినీరు పైఅధికారిని పట్టుకున్నాడు. దగ్గుతూనే, "మా దగ్గర సోడా నీళ్ళింకా మిగిలున్నాయండీ," అన్నాడు. మర్నాడు బోరు ఆడింది.

ఆవకాయల రోజుల్లో ఆ రైతు మా గేటు ముందు బస్తా దింపాడు. నేను ఆమడ దూరం గెంతాను. అద్దాలెక్కించిన జీపేమన్నా ఉందేమోనని వీధి రెండు వైపులా చూశాను.

"వద్దు బాబూ, నేను ప్రభుత్వోద్యోగిని!"

"మీరడిగారా ఏంది? బతికిన తోట కాయలు సార్ ఇయ్యి. ఆయన అడిగితే కడుపు మండింది. మీరు కాదంటే ఇంకా మండుద్ది." పోతూ పోతూ వెనక్కి తిరిగి నవ్వాడు. "తొడిమలు మాత్రం తియ్యలేదు. అది మీ పని."

ఇదెలా తిప్పి పంపాలా అని మా ఆవిణ్ణి అడుగుదామని చూశాను. ఆవిడ అప్పటికే వసారాలో చాప పరిచి బస్తా మూతి విప్పి తొడిమలు తీస్తోంది. ఏ సోడా నీళ్ళూ తగలకుండానే ఆవిడ రెండు చేతులూ ఎర్రగా ఉన్నాయి.