ఎల్‌బీ నగర్‌లో ఇంటర్వ్యూ, దిల్‌సుఖ్‌నగర్‌లో డెమో

ఉద్యోగం వెతుక్కోవడానికి దిల్‌సుఖ్‌నగర్ రావాలనుకునేవాళ్లు నాకు మెసేజ్‌లు పెడుతుంటారు. ఎక్కడ దిగాలి, ఎక్కడ ఉండాలి, నెలకు ఎంతవుతుంది అని అడుగుతారు. అన్నిటికీ చివర ఒక ప్రశ్న ఉంటుంది: "కష్టపడితే వస్తుంది కదా అక్కా?" ఆ ప్రశ్న చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అడిగినవాళ్ల మీద కాదు, వాళ్లకు ఆ మాట నేర్పినవాళ్ల మీద. అందుకే జవాబుకు బదులు పోయిన నెల నేను చేసిన ఒక రోజు ప్రయాణం గురించి రాస్తున్నాను. దూరం పెద్దదేమీ కాదు. కూకట్‌పల్లి నుంచి ఎల్‌బీ నగర్, అక్కడి నుంచి మూడు స్టేషన్లు వెనక్కి.

కారణం శిరీష. వాళ్లది రేపల్లె దగ్గర పల్లె, మాది నకిరేకల్ వైపు. చైతన్యపురి హాస్టల్‌లో పక్కపక్క మంచాలు మావి. ఇద్దరికీ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకోవాలని ఉండేది, ఫీజు కట్టే స్తోమత లేదు. దిల్‌సుఖ్‌నగర్ ఇన్‌స్టిట్యూట్లలో ఒక పద్ధతి ఉంది. ఏ కోర్సయినా మొదటి మూడు రోజులు డెమో, ఉచితం. నాలుగో రోజు ఫీజు అడుగుతారు. నాలుగో రోజుకు మేం ఇంకో ఇన్‌స్టిట్యూట్ బెంచీ మీద ఉండేవాళ్లం. అదే మొదటి పాఠాన్ని ఎంతమంది నోట విన్నామో లెక్కలేదు. మిగతాదంతా ఫోన్‌లో వీడియోలు చూసి, హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఒకరికొకరం చెప్పుకుని నేర్చుకున్నాం.

తర్వాత నాచారంలో ఒక చిన్న కంపెనీకి ఇద్దరం ఒకే రోజు వెళ్లాం. నా వంతు భోజనాలకు ముందు వచ్చింది. ఇంటర్వ్యూ చేసే ఆయనకు పన్ను నొప్పి. దవడ పట్టుకుని మూడు ప్రశ్నలు అడిగాడు. మూడూ ఆ మొదటి పాఠంలోవే. శిరీష వంతు వచ్చేసరికి ఆయన డాక్టరు దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ కుర్చీలో కూర్చున్న ఇంకొకాయన ఆమెను గంటసేపు పిండేశాడు. నాకు ఉద్యోగం వచ్చింది, ఆమెకు రాలేదు. మా ఇద్దరికీ వచ్చిన పాఠం ఒకటే. ఇంకొన్నాళ్లు తిరిగి తిరిగి, చేతిలో ఏమీ మిగలక, ఆమె ఊరికి పోయి ప్రైవేటు బడిలో టీచరుగా చేరింది. మావాళ్లు నన్ను కష్టపడి పైకొచ్చిన పిల్ల అంటారు. నా బతుకు ఒకాయన పన్ను నొప్పి మీద నిలబడిందని చెబితే నవ్వుతారు.

రెండేళ్ల తర్వాత శిరీష ఫోన్ చేసింది. "ఎల్‌బీ నగర్‌లో ఒక ఇంటర్వ్యూ ఉందే. ఇదే ఆఖరు. ఒక్క రోజే సెలవిచ్చాడు మా కరస్పాండెంటు. మర్నాడు పొద్దున బళ్లో లేకపోతే వేరేవాళ్లని పెట్టుకుంటానన్నాడు." సాయంత్రం బస్సుకు తిరుగు టికెట్ కూడా తీసేసుకుంది. నేను సెలవు పెట్టాను.

కూకట్‌పల్లిలో ఏడింటికల్లా మెట్రో ఎక్కితే సీటు దొరుకుతుంది, ఎనిమిది దాటితే మనుషుల మధ్య వేలాడాలి. గంటలోపే చివరి స్టేషన్‌లో దించుతుంది. టికెట్ డెబ్బైకి కాస్త అటూ ఇటూ. ఆంధ్రా వైపు నుంచి వచ్చే బస్సులు విజయవాడ రోడ్డు మీద, చౌరస్తాకు కొంచెం ఇవతలే ఆపుతాయి. శిరీష ఫ్లైఓవర్ నీడలో బ్యాగు పట్టుకుని నిలబడి ఉంది.

"ఏంటే, ఇంత లావయ్యావు?"

"పొద్దంత కూసునుడే కదనే. లావు గాక ఏమైత."

"ఆ కూర్చునే ఉద్యోగమేదో నాకూ చూడవే. బళ్లో నిలబడీ నిలబడీ కాళ్లు పీకుతున్నాయి."

ఆఫీసు చంపాపేట్ వైపు. ఒంటరిగా వెళ్లేవాళ్లకు షేరింగ్ ఆటో చాలు, ఇరవై రూపాయలు. మేం బట్టలు నలగకూడదని ఆటో మాట్లాడుకున్నాం. ఎనభైకి ఒప్పుకున్న డ్రైవరు అద్దంలో చూసి అడిగాడు: "ఇంటర్వ్యూనా మేడం?"

"నీకెట్ల తెల్సిందన్నా?"

"ఫైలు ఒళ్లె వెట్టుకొని గా మేడం మూతి కదిలిస్తనే ఉంది కదా. గీ బిల్డింగుకు రోజు ఎవలనో ఒకలను దించుత. పోయేటప్పుడు మస్తు బేరమాడ్తరు. వాపస్ వచ్చేటప్పుడు ఎంతంటే అంత ఇస్తరు, మాట్లాడరు."

శిరీష మూతి కదిలించడం ఆపింది. నేను కింద టీ బండి దగ్గర ఉన్నాను. రెండో టీ చల్లారకముందే ఆమె మెట్లు దిగి వచ్చింది.

"రెండేళ్ల గ్యాప్ ఎందుకొచ్చింది అన్నారు. గ్యాప్ కాదండీ, బళ్లో పాఠాలు చెప్పాను అన్నాను. అది ఎక్స్‌పీరియన్స్ కిందికి రాదమ్మా అన్నారు."

"మరి?"

"చెబుతామన్నారు."

ఉద్యోగం కోసం తిరిగినవాళ్లకు ఆ మాట అర్థం వేరే చెప్పక్కర్లేదు. పైకి పోయి అడుగుతానన్నాను. శిరీష నా చున్నీ పట్టుకుని ఆపింది. "నువ్వెళ్లి అరిస్తే నాకు ఉద్యోగమిస్తారా? ఆకలేస్తోంది, పద." తిరుగు ఆటోకు మేం బేరమాడలేదు.

మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ వచ్చి మా పాత మెస్సుకు వెళ్లాం. ప్లేటు భోజనం నూట ఇరవై అయింది ఇప్పుడు. గోంగూర, ముద్దపప్పు అడిగినన్ని సార్లు వేస్తారు. నడిపే ఆయన తెనాలి మనిషి, మాకు బాబాయ్. చూడగానే గుర్తుపట్టాడు.

"ఏమ్మా, నల్లపూసలైపోయారు. ఉద్యోగాలొచ్చాయా?"

"ఒకరికొచ్చింది బాబాయ్," అంది శిరీష.

"అయితే వచ్చినావిడే కడుతుందిలే. నువ్వింకో ముద్ద పెట్టించుకో."

తిన్నాక బస్సుకు చాలా టైముంది. గల్లీల్లో తిరిగాం. రెజ్యూమెలు ప్రింటు తీసుకున్న జిరాక్స్ షాపు ఉంది, కానీ అప్పటి కుర్రాడి స్థానంలో వాళ్ల నాన్న కూర్చున్నాడు. సాయంత్రం ఆకలి చంపుకోవడానికి ఒక్క ప్లేటు ఇద్దరం పంచుకున్న మిర్చిబజ్జీ బండి ఇంకా తెరవలేదు, తడిపిన శనగపిండి వాసన మాత్రం అప్పుడే వస్తోంది. గోడల మీద కోర్సుల పేర్లు మారాయి, ఆ ఫ్లెక్సీల కింద తలెత్తి చదువుతున్న పిల్లలు మాత్రం మాలాగే ఉన్నారు. భుజానికి బ్యాగు, చేతిలో నీళ్ల సీసా. ఆ రోజులు బాగుండేవని ఎవరైనా అంటే కొట్టాలనిపిస్తుంది. అయినా, ఏమీ లేని రోజుల్లో పక్కన మనిషి ఉండటం ఎంత పెద్ద సంగతో అప్పుడు తెలియలేదు.

మేం ఎక్కువసార్లు డెమో విని ఫీజు ఎగ్గొట్టిన ఇన్‌స్టిట్యూట్ రెండో అంతస్తులో ఉంది. ఊరికే చూద్దామని ఎక్కాం. నడిపేదీ, ఫీజు కౌంటర్‌లో కూర్చునేదీ అనిత మేడమే.

"ఓహో, మీరా. నాలుగో రోజు మాయమైతరు చూడు, గా బ్యాచు. ఇప్పటికన్న ఫీజు కడ్తరా, మల్ల డెమోకేనా?"

నవ్వబోయి ఆగాం. ఆమె ముఖంలో పరేషాన్ కనిపిస్తోంది. లోపల గది నిండా పిల్లలు. మూడింటికి డెమో. ట్రైనరు మధ్యాహ్నం మెసేజ్ పెట్టాడట, వేరే ఇన్‌స్టిట్యూట్‌లో చేరిపోయానని.

"ఇంకో పది నిమిషాలైతే వీళ్లు గూడ ఆయన ఎనకాలనే పోతరు," అంది మేడం.

నా నోరు ఆగదు. "మేడం, గా పాఠం మా శిరీష నిద్రల లేపినా చెప్తది."

శిరీష నా చెయ్యి గిల్లింది. "పిచ్చా నీకు? నేను బళ్లో లెక్కలు చెప్పేదాన్ని."

"గదే కదనే. ఈడ గూడ బెంచీలు, బోర్డు, పిల్లలే కద."

అనిత మేడం ఆమెను పైనుంచి కింది దాకా చూసింది. "ఇస్త్రీ బట్టలల్ల ఉన్నవ్, చాలు. పో అమ్మా, గంట సేపు వాళ్లను లేవకుంట చూడు."

శిరీష చాక్‌పీస్ కోసం వెతికింది. అక్కడ మార్కర్లే ఉన్నాయి. ఒకటి తీసుకుని బోర్డు మీద గొడుగు బొమ్మ గీసింది. "కొత్త గొడుగు కొంటున్నారు. షాపులోనే ఏమేం చూస్తారు?" తెరుచుకుంటుందా అన్నారొకరు, మూసుకుంటుందా అన్నారింకొకరు. వెనక బెంచీ నుంచి ఒకడు, గాలికి తిరగబడుతుందా అన్నాడు.

"షాపులో గాలెక్కడిదిరా?"

అందరూ నవ్వారు.

"అదే టెస్టింగ్. షాపులో లేని గాలిని తెచ్చి చూడటం."

ఈ గొడుగు మేం విన్న ఏ డెమోలోనూ లేదు. ఆమె సొంతం. గంట ఎట్లా గడిచిందో తెలియలేదు. చివర్లో ప్రతి డెమోలో వచ్చే ప్రశ్న వచ్చింది. "మేడం, జాబ్ గ్యారెంటీనా?" దానికి ట్రైనర్లందరూ చెప్పే జవాబు మాకు కంఠతా వచ్చు. తలుపు దగ్గర అనిత మేడం కూడా ఆ జవాబు కోసమే నిలబడింది.

"నాకు పొద్దున్నే ఒకటి పోయింది," అంది శిరీష. "పాఠం వరకు నా పూచీ. ఉద్యోగం నా చేతిలో లేదు. మీ చేతిలో కూడా పూర్తిగా లేదు."

కొందరు బ్యాగులు తీసుకుని లేచారు. ఎక్కువమంది కూర్చునే ఉన్నారు.

బయటికి రాగానే అనిత మేడం అందుకుంది. "గట్లెవరన్న చెప్తరా?"

"వాళ్లు అడిగారు కదండీ."

"ఉన్నోళ్లు మాత్రం రేపు గూడ గీ మేడమేనా అంటున్నరు." కాసేపు పెన్ను నమిలింది. "నెల రోజులు చూస్త. సగం జీతమే ఇస్త. పొద్దుగాల ఏడింటి బ్యాచ్, రేపటి నుంచే. గా జాబ్ ముచ్చట మాత్రం నువ్వు తియ్యొద్దు."

"నేను తియ్యనండీ. ఎవరైనా అడిగితే మీ దగ్గరికి పంపిస్తా."

మేడం అప్పుడు నవ్వింది.

ఎల్‌బీ నగర్ తిరిగొచ్చి బస్సు కోసం నిలబడ్డాం. అక్కడ బడి ఖాయం. ఇక్కడ నెల రోజుల పరీక్ష, హాస్టల్‌కు కూడా చాలని సగం జీతం. రేపు పొద్దున ఆమె రెండు చోట్లా ఉండలేదు.

"నువ్వైతే ఏం చేస్తావే?"

"నేనైతే ఉంట. కానీ నన్ను అడగకు. నాకు నెలైతే జీతం పడ్తది, చెప్పుడు నాకు అల్కగనే ఉంటది."

"బెడ్డుకెక్కడ తేను?"

"ఈ నెలది నేను కడ్త."

"నీ దగ్గర తీసుకోను."

"గా పన్ను నొప్పి పైసలనుకో. సగం నీయే."

బస్సు వచ్చింది. కండక్టరు లిస్టు చూసి పేరు పిలిచాడు. "ఎక్కుతున్నారా అమ్మా?" శిరీష బ్యాగు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది. "లేదండీ. ఆ సీటు ఎవరికైనా ఇచ్చేయండి." బస్సు కదిలాక కరస్పాండెంటుకు ఫోన్ చేసింది. ఆయన చాలాసేపు మాట్లాడాడు. ఆమె సరేనండీ, సరేనండీ అంటూ రోడ్డు వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

ఇది రాస్తున్న రోజుకు ఆమె నెల ఇంకా పూర్తి కాలేదు. ఉంచుకుంటారో లేదో తెలియదు. ఆ ట్రైనరు అదే రోజు మానకపోతే ఈ కథ లేదు. మేం ఆ మెట్లు ఎక్కకపోయినా లేదు. అదృష్టం ఆ గల్లీలోంచి ఎప్పుడో ఒకప్పుడు నడిచి వెళ్తుంది, నిజమే. అది వెళ్లే రోజున మనం ఆ గల్లీలో ఉండాలి. ఉండాలంటే మంచం కావాలి, రెండు పూటల తిండి కావాలి. ఓపిక పట్టు అని చెప్పే పెద్దమనుషులెవరూ ఆ ఓపికకు నెల కిరాయి ఎంతో చెప్పరు. కట్టలేనివాళ్లు ఊరికి పోతారు. పోయినవాళ్లను సరిగా ప్రయత్నించలేదంటారు. నా కోపమంతా అక్కడే.

వచ్చేవాళ్లకు ఒక్క మాట. ఇంటర్వ్యూకు ఒక్క రోజుకని రాకండి, రెండు మూడు రోజులు ఉండేట్టు రండి. చైతన్యపురి హాస్టళ్లలో చాలాచోట్ల రోజు లెక్కన బెడ్డు ఇస్తారు, భోజనంతో కలిపి మూడు, నాలుగు వందలు. బయట బోర్డు ఉండదు, లోపలికి వెళ్లి అడగాలి. ఆధార్ జిరాక్స్ దగ్గర పెట్టుకోండి. అడ్వాన్సు ఇచ్చే ముందు బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి, నీళ్లొస్తున్నాయో లేదో మీ కళ్లతో చూసుకోండి.